ఇండ్లలో తూటాలు, తుపాకిమందు, బాణసంచా: చట్టము విధించిన హద్దులు

ముంబయిలోని మన తెలుగు కుటుంబములు ఇప్పుడు పాత ఇండ్లు విడిచి క్రొత్త ఇండ్లకు మాఱుచున్న కాలము. నాయిగావ్, వర్లీ ప్రాంతములలోని బి.డి.డి. చాళ్ళ పునర్నిర్మాణము సాగుచున్నది. కామాఠిపురపు సందులలోని పాత భవనములను గూర్చియు అదే మాట వినబడుచున్నది. మూడు నాలుగు తరములు అటకల మీద దాచిన సామాను క్రిందికి దిగుచున్నది. ఇత్తడి బిందెలు, పెండ్లి పటములు, మగ్గపు నాడెలు, చెదలు తిన్న దస్తావేజులు, వీని నడుమ అప్పుడప్పుడు మఱియొక వస్తువు కూడ బయటపడును. స్వగ్రామమున పంట కాపుదలకు తాతగారు ఉంచుకొనిన నాటు తుపాకి తాలూకు మందుడబ్బా కావచ్చును. తోలు పట్టెడలో నాలుగైదు తూటాలు కావచ్చును. పోయిన దీపావళికి మిగిలిన టపాకాయల సంచి యన్ననో, చాల ఇండ్లలో ఉండనే యుండును.

ఇవి ఇంటిలో ఉండవచ్చునా? ఉండవచ్చునన్నచో ఎంత, ఎచ్చట, ఎవరి పేర? ఈ ప్రశ్నలకు మన దేశపు చట్టము చెప్పు సమాధానమును మన సభ్యులకు సుబోధకముగ వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. నేను న్యాయవాదిని కాను, తెలుగు బోధించు ఉపాధ్యాయుడను. కనుక చట్టమును దాని మాటల వెంట నడచి చూచెదను. మాటతోనే మొదలుపెట్టుట నాకు సులభము.

మన భాషలో ‘మందు’ అను మాటకు గల విస్తృతి వింతగ నుండును. రోగి మ్రింగునది మందు. పైరుపై చల్లునది మందు. త్రాగుబోతు త్రాగునదియు మందే. తుపాకిలో దట్టించునదియు మందే. ‘నల్లమందు’ అన్నచో మాత్రము అభిని; తుపాకిమందు కూడ నలుపే యైనను ఆ పేరు దానికి దక్కలేదు. మన పొరుగువారగు మరాఠీల ‘దారూ’ కూడ ఇట్టిదే. సారాయికిని, తుపాకిమందునకును వారికి ఒక్కటే మాట. రే రోడ్డు స్టేషనునకు తూర్పున, మాఝ్‌గావ్ దాపున గల దారూఖానా పేరు వినగానే అది సారా అంగళ్ళ వాడయని మా తరగతి పిల్లలు నవ్వుదురు. అది సారాకొట్టు కాదు, మందుకొట్టు. ఇప్పుడు అచ్చట పాత ఇనుము వ్యాపారము, ఓడలు విప్పు పనులు పేరు మోసినవి కాని, పేరు మాత్రము ఆ పాత కాలపు తుపాకిమందుదే. ఆనాడు అది జనావాసముల నడుమ గాక సముద్రపు టొడ్డున నుండెనని గమనింపవలెను. మందును గూర్చి మనుష్యులు మొట్టమొదట నేర్చుకొనిన పాఠము అదియే: ఎంత ఉన్నదన్నదాని కంటె, దేని ప్రక్కన ఉన్నదన్నది ముఖ్యము.

ఇక చట్టము. మన దేశమున ఈ విషయమును పాలించు శాసనములు ముఖ్యముగ మూడు. 1884వ సంవత్సరపు ప్రేలుడు పదార్థముల చట్టము (ఇంగ్లీషున ఎక్స్‌ప్లోజివ్స్ ఆక్టు) మొదటిది. దుర్బుద్ధితో ప్రేలుడు వస్తువులు చేయువారిని, దాచువారిని శిక్షించు 1908వ సంవత్సరపు చట్టము రెండవది. 1959లో శాసనమై 1962 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చిన ఆయుధముల చట్టము మూడవది. మొదటి చట్టము క్రింద వెలువడిన 2008వ సంవత్సరపు నియమావళి, మూడవ చట్టము క్రింద వెలువడిన 2016వ సంవత్సరపు నియమావళి నిత్యవ్యవహారమునకు కావలసిన వివరములు చెప్పును.

1884 చట్టముయొక్క నిర్వచనమును చదివినవారికి ఒక ఆశ్చర్యము కలుగును. తుపాకిమందు, నైట్రోగ్లిసరిను, డిటొనేటర్లు, తూటాలు, వీనితో పాటు బాణసంచా కూడ అదే వాక్యమున చేరియున్నది. నియమావళి వీనిని ఎనిమిది తరగతులుగ విభజించినది: తుపాకిమందు మొదటి తరగతి, తూటాలు మొదలగునవి ఆఱవ తరగతి, బాణసంచా ఏడవ తరగతి. అనగా మన పిల్లవాని చేతిలోని చిచ్చుబుడ్డియు, సిపాయి నడుమునందలి తూటాయు ఒకే వంశవృక్షపు కొమ్మలు. బాణసంచాను ఆటవస్తువుగ చూచుట మన అలవాటు. చట్టమునకు ఆ అలవాటు లేదు.

ఈ చట్టము పుట్టుక కూడ తెలిసికొనదగినది. 1874 అక్టోబరు 2వ తేదీ తెల్లవాఱుజామున లండను నగరపు రీజెంట్స్ కాలువలో పోవుచున్న ‘టిల్‌బరీ’ అను పడవ ప్రేలిపోయినది. దానిలో సుమారు 5 టన్నుల తుపాకిమందుతో పాటు పెట్రోలియము కూడ ఎక్కించియుండిరి. ఆ పెట్రోలియపు ఆవిరికి నిప్పు తగిలినది. పడవలోని ముగ్గురు మరణించిరి, కాలువ మీది వంతెన కూలినది, చుట్టుప్రక్కల ఇండ్లు దెబ్బతినినవి. మఱుసటి యేడే, అనగా 1875లో, ఇంగ్లండు దేశమున ప్రేలుడు పదార్థముల చట్టము వచ్చినది. సొంత వాడుకకు, అమ్మకమునకు గాక, ఒక ఇంటిలో 30 పౌనుల తుపాకిమందు వఱకు (సుమారు 13.6 కిలోలు) లైసెన్సు లేకయే ఉంచుకొనవచ్చునని ఆ చట్టము ఒక హద్దు గీసినది. తొమ్మిదేండ్లకు అదే మాదిరి చట్టము మన దేశమునకును వచ్చినది. దానిని నడపుటకు ఏర్పడిన ప్రభుత్వశాఖ 1898 నుండి ఉన్నది. దాని ప్రధాన కార్యాలయము మన రాష్ట్రముననే, నాగపురమున, కలదు.

అమ్మకము కాక సొంత వాడుకకు స్వల్ప పరిమాణమున ఉంచుకొనువానికి లైసెన్సు నుండి వెసులుబాటు ఇచ్చు పద్ధతి మన నియమావళియందును ఉన్నది. ఆ పరిమాణము పదార్థమును బట్టి వేఱు. ఈ సంగతి చెప్పగానే అందఱు అడుగు మొదటి ప్రశ్న ‘ఎన్ని కిలోలు?’ అని. చాళ్ళలో నివసించు మనకు ఆ ప్రశ్న అంతగ పనికిరాదని నా యభిప్రాయము. కారణము చెప్పుటకు ముందు మందు పనిచేయు విధమును కొంత వివరింపవలెను.

తుపాకిమందునందు నూటికి సుమారు 75 పాళ్ళు సూరేకారము, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకము. కట్టె మండుటకు చుట్టునున్న గాలి కావలెను. అందుచేతనే మండుచున్న కట్టెపై గోనె కప్పిన నిప్పు ఆఱును. తుపాకిమందునకు గాలి అక్కఱలేదు. తన ప్రాణవాయువును తానే సూరేకారమునందు మోసికొనివచ్చును. గోనె కప్పినను, ఇసుక పోసినను లోపల అది మండుచునే యుండును. ఆరుబయట పలుచగ పఱచిన మందు భగ్గున మండి ఊరకుండును. అదే మందును గట్టి పాత్రలో బంధించినచో పుట్టిన వాయువులకు దారి లేక పాత్ర బ్రద్దలగును. మండుట ప్రేలుటగ మాఱునది ఈ బంధనము వలననే. టపాకాయకు బిగువుగ కాగితము చుట్టుట ఇందుకే గదా.

కనుక ‘ఇనుప ట్రంకుపెట్టెలో పెట్టి తాళము వేసితిమి, భయము లేదు’ అను మాట తలక్రిందులైన మాట. అగ్నిప్రమాద సమయమున గట్టి ఇనుపపెట్టె మందును కాపాడదు; దానిని బాంబుగ మార్చును. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారికి ఈ సంగతి చట్టము ద్వారా తెలిసియుండును. అచ్చటి పెక్కు రాష్ట్రములు అనుసరించు అగ్ని నిబంధనల ప్రకారము, తూటాలలో దట్టించు పొగలేని మందును ఇంటిలో 20 పౌనులు (సుమారు 9 కిలోలు) వఱకు అమ్మకపు డబ్బాలలోనే ఉంచవచ్చును. అంతకు మించి 50 పౌనుల వఱకు ఉంచదలచినచో ఒక అంగుళము మందము గల కొయ్యపెట్టెలో ఉంచవలెను. ఇనుప పెట్టె కాదు, కొయ్యపెట్టె! పాతకాలపు తుపాకులతో వినోదార్థము కాల్చువారు 50 పౌనుల వఱకు నల్లని తుపాకిమందు ఉంచుకొనుటకు వారి కేంద్రచట్టము ఒప్పుకొనును. ఈ అంకెలు చూచి మనవారు కొందఱు ‘అమెరికావారికి అంత స్వేచ్ఛ, మనకు లేదు’ అందురు. అచ్చటి ఇల్లెట్లుండును, ఇచ్చటి గది యెట్లుండును అన్నది వారు చూడరు.

ఇప్పుడు ముంబయి మహానగరమే చూచిన ఘోరమును తలచుకొనక తప్పదు. 1944 ఏప్రిలు 14. రెండవ ప్రపంచయుద్ధ కాలము. ఇంగ్లండు నుండి బయలుదేరి కరాచీ మీదుగ వచ్చిన ‘ఫోర్ట్ స్టికిన్’ అను ఓడ విక్టోరియా డాకున ఆగియుండెను. దానిలో సుమారు 1400 టన్నుల ప్రేలుడు సామగ్రి; దానితో పాటు కరాచీలో ఎక్కించిన 8700 బేళ్ళ ప్రత్తి, నూనె పీపాలు, పాత ఇనుము, బంగారపు కడ్డీలు. శాంతికాలమున ఇట్టి ఓడను రేవు లోపలికి రానీయక దూరముగ నిలిపి, చిన్న పడవలతో సరకు దింపించుట పద్ధతి. యుద్ధపు తొందరలో ఆ పద్ధతిని సడలించిరి. మధ్యాహ్నము వేళ ప్రత్తినుండి పొగ వచ్చినది. అగ్నిమాపక దళమువారు వచ్చి నీరు కుమ్మరించిరి. ప్రత్తి లోలోపల కాలుచునే యుండెను. సాయంత్రము 4 గంటల 6 నిమిషములకు మొదటి ప్రేలుడు. 4 గంటల 34 నిమిషములకు రెండవది. సిమ్లాలోని భూకంప యంత్రము దానిని గుర్తించినది. ఒక బంగారపు కడ్డీ మైలు దూరముననున్న ఒక గృహస్థుని ఇంటిపై వచ్చి పడినది. మృతుల సంఖ్య 800 నుండి 1300 వఱకు పలువురు పలు విధముల చెప్పుదురు. అగ్నిమాపక దళమున 66 మంది బలియైరి; వారి స్మృత్యర్థమే నేటికిని దేశమంతట ఏప్రిలు 14న అగ్నిమాపక దినము జరుపుచున్నారు. కామాఠిపురము అచ్చటికి కొలది కిలోమీటర్ల దూరమే. కామాఠీలని పేరొందిన తెలుగు కూలీలు కట్టుకొనిన పేట అది.

ఈ వృత్తాంతమున నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది ప్రేలుడు సామగ్రి టన్నుల లెక్క కాదు. ప్రత్తి అంటుకొనినది, మందు కాదు. టిల్‌బరీ పడవలోను అంతే: మొదట అంటుకొనినది పెట్రోలియపు ఆవిరి. మందు తనంత తాను లేచి ఎవరిని చంపుట అరుదు. దాని పొరుగున ఉన్నది దానిని లేపును. చట్టమును ఈ కంటితో చదివినచో, ఎడతెగని నిబంధనల వెనుక నున్న తర్కము బోధపడును.

2008 నియమావళిలో పండుగ దినములలో వెలయు తాత్కాలికపు టపాకాయల దుకాణములను గూర్చిన నిబంధన చూడుడు. దుకాణము మంటలకు అంటని సామగ్రితో కట్టవలెను. ఒక దుకాణమునకును మఱియొక దానికిని నడుమ కనీసము 3 మీటర్ల ఎడముండవలెను. ఇండ్లు, బడులు, ఆసుపత్రులు మొదలగు రక్షిత స్థలములకు 50 మీటర్ల దూరముండవలెను. రెండు దుకాణములు ఒకదాని కొకటి ఎదురెదురుగ నుండరాదు. నూనెదీపము, గ్యాసుదీపము, మంట బయటికి కనబడు ఏ దీపమును పనికిరాదు. విద్యుద్దీపము గోడకో కప్పునకో బిగింపవలెనే గాని తీగకు వ్రేలాడదీయరాదు. 50 మీటర్ల లోపల ఎవరును బాణసంచా కాల్చరాదు. ఒక్కచోట 50 దుకాణములకు మించరాదు. స్థిరమైన దుకాణమునకు లైసెన్సు కోరువారికి మఱికొన్ని షరతులు కలవు: అది నేలయంతస్తున నుండవలెను, నేలమాళిగలో నుండరాదు, పైన జనము నివసించు గది క్రింద ఉండరాదు, మెట్ల క్రిందగాని, వాని దాపునగాని ఉండరాదు, బయటికి తెఱచుకొను తలుపు ఉండవలెను.

ఈ కొలతలు చేతబట్టుకొని ఒక్కసారి మన చాళ్ళలోనికి పోవుదము. బి.డి.డి. చాళ్ళలో ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. ఏ మూల నుండి ఏ మూలకు కొలిచినను సుమారు 6 మీటర్లు. ఒక వైపు దేవుని మందసము, దానిలో నిత్యదీపము, రెండవ వైపు వంటగ్యాసు సిలిండరు, మూడవ వైపు మోరీ, పైన అటక. ఎదురింటి గడపకు మన గడపకు నడుమ ఒక వసారా మాత్రమే. అనగా రెండు దుకాణములు ఎదురెదురుగ నుండరాదన్న చోట మనము సంసారములే ఎదురెదురుగ చేయుచున్నాము. దిగిపోవుటకు ఉన్న మెట్లు అందఱకును కలిసియే. ఆ మెట్ల క్రింద సైకిళ్ళు, పాత పరుపులు, వినాయకచవితి పందిలి గుడ్డలు. దీపావళికి వారము ముందు సామూహికముగ కొని తెచ్చిన టపాకాయల పెట్టెలను కూడ ఆ మెట్ల క్రిందనే ఉంచు అలవాటు కొన్ని చాళ్ళలో నేను చూచినాను. లైసెన్సు గల వర్తకుడు సైతము ఏ చోట ఉంచరాదని చట్టము ప్రత్యేకముగ పేర్కొన్నదో, సరిగ్గ ఆ చోటనే!

ఇందుచేతనే ‘ఎన్ని కిలోలు’ అను ప్రశ్న మనకు సరిపడదని అంటిని. సొంత వాడుకకు ఇచ్చిన వెసులుబాటు లైసెన్సు అక్కఱ లేదని మాత్రమే చెప్పును. నిర్లక్ష్యము తప్పు కాదని చెప్పదు. ప్రేలుడు పదార్థము విషయమున ఇతరుల ప్రాణములకు అపాయము కలుగునట్లు అజాగ్రత్తగ నడచుకొనుట వేఱొక నేరము. పూర్వపు శిక్షాస్మృతిలో అది 286వ సెక్షను. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో 288వ సెక్షను. 6 మాసముల వఱకు ఖైదు గాని, 5000 రూపాయల వఱకు జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. దానికి కిలోల లెక్కతో పని లేదు.

లైసెన్సు ఉన్నవాని ఇంటనే ఘోరము జరిగిన ఉదాహరణ కలదు. మధ్యప్రదేశమున ఝాబువా జిల్లా పేట్లావద్ పట్టణమున 2015 సెప్టెంబరు 12 ఉదయము, జనసమ్మర్దము గల చోట, ఒక ఫలహారశాల ప్రక్క గదిలో నిలువయుంచిన జిలెటిను కడ్డీలు, డిటొనేటర్లు ప్రేలినవి. 70 మందికి పైగ మరణించిరి. ఆ వర్తకునికి ప్రేలుడు సామగ్రి లైసెన్సు ఉండెను. మొదట అది గ్యాసు సిలిండరు ప్రేలుడని అందఱును అనుకొనిరి. లైసెన్సు మనిషికి మాత్రమే ఇచ్చునది కాదు, ఆ స్థలమునకు కూడ ఇచ్చునది. స్థలము మాఱినచో అది కేవలము కాగితమే. మందుగుండు కాకపోయినను మన హైదరాబాదున నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబరు 13న జరిగినదియు ఇట్టిదే. నివాస భవనపు నేలయంతస్తున నిలువయుంచిన రసాయనముల డ్రమ్ములు అంటుకొని, పై అంతస్తులలోని 9 మంది ప్రాణములు కోల్పోయిరి.

తూటాల సంగతి మఱియొక దారిన పోవును. ఇచ్చట వెసులుబాటు అనునదే లేదు. ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక ఒక్క తూటా ఉన్నను నేరమే. లైసెన్సు ఉన్నవానికి సైతము ఆ పుస్తకముననే రెండు అంకెలు వ్రాసియుందురు: ఒక సమయమున ఎన్ని తూటాలు దగ్గఱ నుండవచ్చును, సంవత్సరమున ఎన్ని కొనవచ్చును అని. ఆ అంకె దాటిన తూటా లైసెన్సు లేని తూటాతో సమానము. 2019 డిసెంబరున వచ్చిన సవరణ వలన ఒక మనిషికి గరిష్ఠముగ రెండు తుపాకులే అనుమతి. అంతకు పూర్వము మూడు ఉండెడివి. లైసెన్సు కాలము 3 ఏండ్ల నుండి 5 ఏండ్లకు పెరిగినది. లైసెన్సు లేక తుపాకి గాని తూటా గాని ఉంచుకొన్నవారికి శిక్ష 2 ఏండ్ల నుండి 5 ఏండ్ల వఱకు ఖైదు, జుర్మానా.

మన తెలంగాణ పల్లెలలో పంటను అడవిపందుల నుండి కాపాడుకొనుటకు మూతినుండి మందు దట్టించు నాటు తుపాకులకు లైసెన్సులు ఇచ్చుట చిరకాలముగ ఉన్నది. చట్టమే ఆ అవసరమును ప్రత్యేకముగ గుర్తించినది. చిక్కు ఎచ్చట వచ్చుననగా, లైసెన్సుదారు మరణించినప్పుడు. తండ్రి లైసెన్సు తండ్రితోనే పోవును. ఇల్లు, పొలము కొడుకునకు సంక్రమించునట్లు తుపాకిని ఉంచుకొను హక్కు సంక్రమింపదు. చట్టముయొక్క 21వ సెక్షను ప్రకారము, అట్టి ఆయుధమును, తూటాలను వారసులు అనవసరపు జాప్యము లేక దగ్గఱి పోలీసు ఠాణాలో గాని, షరతులకు లోబడి లైసెన్సు గల వర్తకుని దగ్గఱ గాని అప్పగింపవలెను. అప్పగించినంత మాత్రమున ఆస్తి పోదు. గడువులోపల తమ పేర లైసెన్సు తెచ్చుకొని తిరిగి తీసికొనవచ్చును, లేక లైసెన్సు గలవారికి అమ్ముకొనవచ్చును. భయము చేత మనవారు చేయు పని దీనికి విరుద్ధము: తుపాకిని మాత్రము ఊరిలో అప్పగించి, తూటాలను ట్రంకుపెట్టె అడుగున మఱచిపోవుదురు. ఆ పెట్టె ముంబయి చేరును.

మఱచిపోయిన తూటాకు శిక్ష పడునా యని మా పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు అడిగెను. అతని తాతగారి పెట్టెలో అట్టిది దొరకినదట. న్యాయస్థానములు దీనిని చాల విచారించినవి. 1972లో గుణవంత్‌లాల్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు చెప్పిన దానిని బట్టి, ‘స్వాధీనము’ అనగా వస్తువు దగ్గఱ ఉండుట మాత్రమే కాదు. అది ఉన్నదను ఎఱుకయు, దానిపై అధికారమును ఉండవలెను. విమానాశ్రయములలో సంచి అడుగున ఒంటరి తూటా దొరకిన ప్రయాణికులపై పెట్టిన కేసులను ఈ కారణము చేతనే ఉన్నత న్యాయస్థానములు పలుమాఱులు కొట్టివేసినవి. అయితే ఈ రక్షణ తెలియనంత వఱకే. పెట్టె తెఱచి చూచిన దినము నుండి ‘నాకు తెలియదు’ అను మాట చెల్లదు. ఆ పూర్వవిద్యార్థి ఇంటివారు ఆ మఱునాడే ఠాణాకు తెలిపిరి. పంచనామా వ్రాసి పోలీసులు దానిని తీసికొనిపోయిరి, అంతటితో సరి.

రాతిపనివారగు మన వడ్డెర సోదరులను గూర్చి రెండు మాటలు. మహారాష్ట్రమున వారు వడారులని ప్రసిద్ధులు. బండలు పగులగొట్టుటకు తొలిచిన రంధ్రమున దట్టించు మందును కూడ మనవారు ‘తూటా’ యనియే అందురు. క్వారీలో పనిచేయువాడు మిగిలిన జిలెటిను కడ్డీని గాని, డిటొనేటరును గాని ఇంటికి తెచ్చుట ఎన్నడును తగదు. అవి తిరిగి గిడ్డంగికి చేరవలసినవి. అచ్చటను డిటొనేటర్లను మిగిలిన మందుతో కలిపి ఉంచరు. సొంత వాడుక యను వెసులుబాటు వీనికి అన్వయింపదు. ఇట్టివి ఇంట దొరకినచో 1908 చట్టము ముందుకు వచ్చును. సక్రమమైన పనికే ఉంచుకొంటినని చూపవలసిన భారము అప్పుడు ఉంచుకొన్నవానిదే. కూలివానికి ఆ భారము మోయుట ఎంత కష్టమో వేఱుగ చెప్పనక్కఱలేదు. యజమానులు ఈ సంగతి వారికి వారి భాషలో చెప్పుచున్నారా యన్నది నాకు సందేహమే.

ఇక దీపావళి. కోస్తా జిల్లాల నుండి వచ్చిన పెద్దలు తమ చిన్ననాట ఇంటనే మతాబులు, సిసింద్రీలు, చిచ్చుబుడ్లు కూరిన సంగతులను ముచ్చటగ చెప్పుదురు. సూరేకారము, గంధకము, బొగ్గు, ఇనుప రజను వేర్వేఱుగ నూఱి, జల్లించి, పాళ్ళు చూచి కలుపుట ఒక కళ. దానిని నేను తక్కువ చేయను. కాని చట్టము ఉంచుకొనుట కంటె తయారు చేయుటనే ఎక్కువ తప్పుగ ఎంచినది. లైసెన్సు లేక ఉంచుకొన్న, వాడిన, అమ్మినవారికి 2 ఏండ్ల వఱకు ఖైదు. తయారు చేసినవారికి 3 ఏండ్ల వఱకు. కారణము స్పష్టమే. నూఱునప్పుడు, కూరునప్పుడు కలుగు ఒరపిడియే నిప్పు. గంధకముతో పొటాసియం క్లోరేటు కలిపినచో ఆ ఒరపిడికి తట్టుకొనలేదు. అందుచేత ఆ మిశ్రమమును 1992లో కేంద్రప్రభుత్వము పూర్తిగ నిషేధించినది. పదునెనిమిదేండ్లు నిండనివారు ప్రేలుడు పదార్థమును తయారు చేయుట, అమ్ముట, రవాణా చేయుట చట్టమున నిషిద్ధము. టపాకాయల సంచి మోసికొనిరమ్మని ఏడవ తరగతి పిల్లవానిని అంగడికి పంపు తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

మిగిలిన టపాకాయలను మఱుసటి యేటికి దాచుట మన పొదుపు. నాలుగు నెలల ముంబయి వానలో సూరేకారము చెమ్మగిల్లును. పండుగ ముందు వానిని ఎండబెట్టుదురు. ఊరిలో డాబా మీద ఎండ ఉండెను. చాళ్‌లో ఎండ రాదు గనుక పొయ్యి దాపున, ఇస్త్రీపెట్టె దాపున పెట్టువారు కలరు. చెమ్మ పట్టి ఆఱిన వత్తి ఎంత సేపు కాలునో, ఎప్పుడు ఎగసిపడునో చెప్పజాలము. ఆ పొదుపు వదలుకొనుట మేలు.

దసరా దీపావళులకు దాదర్ స్టేషనున హుస్సేన్‌సాగర్, కోణార్క్ ఎక్స్‌ప్రెస్సులెక్కి స్వగ్రామములకు పోవు మనవారి సంచులలోను బాణసంచా ఉండుట కలదు. 1989 రైల్వే చట్టపు 164వ సెక్షను క్రింద దానికి 3 ఏండ్ల వఱకు ఖైదు గాని, 1000 రూపాయల వఱకు జుర్మానా గాని, రెండును గాని పడవచ్చును. అంతేకాక, కలిగిన నష్టమునకు సంచి యజమాని బాధ్యుడగును. తాళము వేసిన బోగీలో రాత్రి నిద్రించుచున్న జనము నడుమ ఆ సంచి ఉండును.

ఇల్లు ఖాళీ చేయునప్పుడు తూటా గాని, మందుడబ్బా గాని, గుర్తు తెలియని లోహపు గుండు గాని కనబడినచో దానిని కదపరాదు, మూత తీయరాదు, తుడువరాదు. పిల్లలను బయటికి పంపి, పొయ్యి ఆర్పి, 112 సంఖ్యకు ఫోను చేసి ఠాణావారిని ఇంటికే పిలువవలెను. సంచిలో వేసికొని ఠాణాకు మోసికొనిపోరాదు. వచ్చినవారు వ్రాసిన పంచనామా ప్రతిని అడిగి తీసికొనవలెను. లైసెన్సు పుస్తకము దొరకినచో దానిని కూడ వారికి చూపి, 21వ సెక్షను క్రింద అప్పగించుచున్నామని వ్రాతపూర్వకముగ తెలుపవలెను. పాత టపాకాయలైనచో పోలీసులతో పని లేదు. ఒక బొక్కెన నీటిలో అవి పూర్తిగ మునుగునట్లు ఒక రాత్రియంత నానబెట్టి, కాగితము విడిపోయిన తరువాత, తడిగ ఉండగనే పారిశుద్ధ్య పనివారికి చెప్పి ఇయ్యవలెను. పొడిగ నున్నవానిని చెత్తడబ్బాలో వేసినచో, ఆ చెత్తను చేతితో ఏరువారు కూడ మనవారే.